శీనూ, ఆ పాస్‌వర్డ్ ఎందుకు మార్చమన్నానంటే

ఒరేయ్ శీనూ,

నీ మెయిల్‌కి నెలన్నరకి జవాబు రాస్తున్నాను, ఏమీ అనుకోకు. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది, చంటిదానికి పళ్లొస్తున్నాయి. మిగతావి ఫోన్లో. ఆదివారం అర్ధరాత్రి 'ముందు పాస్‌వర్డ్ మార్చు' అని మెసేజ్ పెట్టాను కదా, దాని సంగతి చెప్పాలి.

మన హాస్టల్ మెస్ బిల్లుల ప్రోగ్రాం గుర్తుందా? ఇన్నాళ్లూ గిట్‌హబ్ అనే కోడ్ దాచుకునే సైటులో ప్రైవేటుగా పడి ఉంది. ఎవరికైనా పనికొస్తుందని పబ్లిక్ చేశాను. కోడంతా చూసే చేశానురా. కాసేపటికే క్లౌడ్ వాళ్ల మెయిల్: 'మీ కీ బయటపడింది'. నా క్లౌడ్ ఖాతాలోకి వెళ్లే తాళంచెవి లాంటిది అది. ఒళ్లు చల్లబడిపోయింది.

కీ ఉన్న ఫైలు ఎప్పుడో తీసేశాను కదా అనుకుంటూ కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పాత కమిట్‌లు (ఒక్కో మార్పు రికార్డు) తిరగేశాను. తీసేసిన లైనుకి చూపించే ఎర్రటి వరస, ముందు మైనస్ గుర్తు, పక్కనే ఏకేఐఏ (AKIA) అక్షరాలతో మొదలయ్యే కీ, అక్షరం పొల్లుపోకుండా! ఫైలు తీసేశామన్నది కూడా గిట్‌కి ఇంకో కమిట్ మాత్రమే. పాతదంతా అలాగే ఉంటుంది. ఫిల్టర్-రెపో అనే పనిముట్టుతో చరిత్ర తిరగరాయొచ్చు గానీ, ఈలోపు ఎవడైనా క్లోన్ చేసుకుని, అంటే మొత్తం కాపీ తీసుకుని ఉంటే? అందుకే ముందు కీ రద్దు చేశాను, తర్వాతే రెపో (ఆ కోడ్ ఉన్న చోటు) మూశాను.

ఆ కీని ఎవరెవరు వాడారో చెప్పే లాగ్ తెరిస్తే గుండె ఆగినంత పనైంది. నాకు తెలియని ఐపీ అడ్రసు నుంచి 'గెట్ కాలర్ ఐడెంటిటీ' అని ఒకే ఒక్క కాల్. ఈ తాళం ఏ ఇంటిదో కనుక్కునే ప్రశ్న అది. వేరే యూజర్‌ని ఎవరైనా పెట్టారేమోనని రెండింటిదాకా వెతికాను. ఎవరూ లేరు.

ఆ పాత కమిట్‌లలోనే చివర్లో కనిపించింది, డేటాబేస్ పాస్‌వర్డ్: బ్లాక్ బి పెసరట్టు, పక్కన నీ రోల్ నంబరు! నీ మెయిల్‌కీ అదే కదరా అప్పట్లో. ఇప్పటికీ అదేనేమోనని నాకు నిద్రపట్టలేదు. నువ్వేమో ఫోనెత్తవు.

ఒక్కచోట కాదు, అది పెట్టిన ప్రతిచోటా మార్చు. పాస్‌వర్డ్‌లు దాచిపెట్టే బిట్‌వార్డెన్ పెట్టుకో, ఊరికే వస్తుంది. లాగిన్‌కి రెండో అంచె కూడా పెట్టు, ఎస్సెమ్మెస్ ఓటీపీ కాకుండా కోడ్ చూపించే యాప్‌తో. నేను రహస్యాలు వెతికే గిట్‌లీక్స్‌ని ప్రీ-కమిట్‌లో, అంటే కమిట్‌కి ముందే నడిచేలా తగిలించాను. కీలాంటిది కనిపిస్తే కమిట్ అక్కడే ఆగిపోతుంది. కానీ పెసరట్టుని అది పట్టకపోవచ్చు, మామూలు మాటలా ఉంటుంది కదా. అందుకే పాత రెపోలన్నీ కూర్చుని నేనే

చంటిది లేచింది. మార్చావని ఒక్క మెసేజ్ పెట్టరా.

నీ
రాజు