ఫార్మాట్ చేసే ముందు ఒక్క మాట అడగండి

సంపాదకులకు నమస్కారం.

మా ఇంట్లో కంప్యూటర్ ఆన్ అవడానికే పది నిమిషాలు పట్టేది. ఫొటోలు తెరిస్తే లోపల టిక్కు టిక్కుమని చప్పుడు. రిపేరు షాపులో విప్పి చూడకుండానే డిస్కులో ఉన్నదంతా చెరిపేసి ఫార్మాట్ కొట్టేద్దామన్నారు. అందులో మా అమ్మ ఆఖరి సంక్రాంతి ఫొటోలున్నాయి. నేను ఒప్పుకోలేదు.

మా అబ్బాయి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే, హార్డ్ డిస్కు ఆరోగ్యం చూపే ఉచిత ప్రోగ్రాం వేసి చూస్తే పసుపు రంగులో ‘కాషన్’ (జాగ్రత్త) అని వచ్చింది. డిస్కు చదవలేకపోతున్న సెక్టార్లు, అంటే సమాచారం దాచే చిన్న చిన్న గళ్లు, అప్పటికే చాలా ఉన్నాయి. ముందు ఫొటోలన్నీ వేరే డిస్కులోకి ఎక్కించాడు. చెక్‌డిస్క్ అనే విండోస్ డిస్కు పరీక్ష ఆ తర్వాతే. సెక్టార్లన్నీ చదివించేలా పెడితే ఆ పరీక్షకు, చప్పుడు చేస్తున్న డిస్కు పూర్తిగా పోవచ్చు. ఫార్మాట్ చేసినా అరిగిన డిస్కు బాగుపడదు. ఫైళ్లు కాపీ చేసుకున్నారా అని షాపువాళ్లు తప్పకుండా అడగాలి.

– ఒక గృహిణి, తెనాలి