పది పశువులకొక తోలు

సంపాదకులకు నమస్కారం.

ఐర్లండ్ చివరి మహారాజు రోరీ ఓకానర్ గురించి మీ ఆదివారం వ్యాసం చదివాను. అక్కడి లీన్‌స్టర్ ప్రాంతపు రాజు డెర్మట్ పరాయి రాజు భార్యను ఎత్తుకుపోబట్టే దేశం ఇంగ్లండ్ పాలైందని తేల్చేశారు. ఆ ఎత్తుకుపోవడం 1152లో. డెర్మట్ లీన్‌స్టర్ గద్దె పోగొట్టుకున్నది 1166లో. పద్నాలుగేళ్లు కోపం దాచుకున్నారా ఏమిటి! మిగతా రాజులు ఒప్పుకున్నన్నాళ్లే అక్కడ మహారాజు పెత్తనం. అసలు చిక్కు అది. గద్దె తిరిగి దక్కించుకోవడానికి డెర్మట్ తెచ్చిన నార్మన్ అల్లుడు స్ట్రాంగ్‌బో ఎక్కడ సొంత రాజ్యం పెడతాడోనని ఇంగ్లండ్ రాజు రెండవ హెన్రీ 1171లో స్వయంగా దిగాడు. 1175 విండ్సర్ ఒప్పందంలో రోరీ హెన్రీకి కట్టాల్సిన కప్పం, కోసిన పది పశువులకు ఒక తోలు, అదీ వర్తకులు మెచ్చేది. పెరియమేట్ మండీలో తోళ్ల లెక్కలు రాసినవాణ్ని, ఆ షరతు విలువ నాకు తెలుసు. మీరు దాన్ని వదిలేశారు.

— రిటైర్డ్ గుమాస్తా, పెరంబూరు, చెన్నై