రిమోట్ కిట్‌లో తప్పు వైరింగ్ బొమ్మ, కాలిన రిసీవర్: ఒక ఫిర్యాదు లేఖ

హైదరాబాద్,
17 ఫిబ్రవరి 2025.

ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు కోసం మీరు అమ్మిన ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ కిట్‌లో తప్పు సూచనలు, వాటివల్ల నా బోర్డు దెబ్బతినడం గురించి.

అయ్యా,

జనవరి 20న మీ వెబ్‌సైట్‌లో 1,249 రూపాయలు పెట్టి ఈ కిట్ కొన్నాను. చిన్న రిమోట్, రిమోట్ సిగ్నల్ అందుకునే మూడు కాళ్ల రిసీవర్, కొన్ని జంపర్ వైర్లు, నాలుగు పేజీల సూచనల కాగితం వచ్చాయి. కాగితంలో చూపినట్టే వైర్లు కలిపాను. రిసీవర్ కాలిపోయింది. నా రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డులో ఒక పిన్ను శాశ్వతంగా పోయింది. మెయిల్ పెడితే, "వైరింగ్ తప్పు మీదే, వారంటీ వర్తించదు" అని మీ కస్టమర్ కేర్ వాళ్లు ఒక్క ముక్కలో తేల్చేశారు. తప్పు ఎక్కడుందో మీకే చూపించాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఈ కిట్ ఎందుకు కొన్నానో చెప్పాలి. పోయిన జూన్‌లో మా నాన్నకు పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. ఎడమచేత్తో ఫోన్ తాకబోతే వేలు ఒకచోట ఆగదు. మౌస్ అంతకన్నా కష్టం. తెల్లవారుజామునే లేచి హరికథలు, పద్యాలు వినడం ఆయనకు 40 ఏళ్ల అలవాటు. ఇంట్లో ఎవరో ఒకరు లేచి పెట్టేదాకా మంచం మీద కూర్చుని ఎదురుచూస్తారు. అడగడం ఆయనకు ఇష్టం ఉండదు. అందుకే టీవీకి రాస్ప్‌బెర్రీ పై తగిలించి, పాటలన్నీ అందులో ఎక్కించి, బొటనవేలితో నొక్కే రిమోట్ ఒకటి అమర్చాలనుకున్నాను.

జనవరి 26 ఆదివారం, సెలవు. పని మొదలుపెట్టాను. మీ కాగితం రెండో పేజీలో బొమ్మ ఉంది. రిసీవర్ ఉబ్బెత్తు ముఖం మనవైపు ఉంచితే ఎడమ నుంచి కుడికి గ్రౌండ్ (సున్నా వోల్టులు), పవర్, అవుట్‌పుట్ అని గుర్తులు వేశారు. పవర్ కాలును బోర్డు మీద 2వ పిన్నుకు, అంటే 5 వోల్టులకు కలపమన్నారు. అవుట్‌పుట్‌ను 12వ పిన్నుకు, అంటే జీపీఐఓ 18కి ఇవ్వమన్నారు (జీపీఐఓ అంటే బోర్డు బయటి పరికరాలతో సిగ్నళ్లు ఇచ్చిపుచ్చుకునే పిన్ను; దాని నంబరు వేరుగా ఉంటుంది). ఒకటికి రెండుసార్లు బొమ్మ పక్కన పెట్టుకుని సరిచూసుకున్నాకే ప్లగ్ పెట్టాను. బోర్డు మీద ఎర్ర లైటు ఒక్కసారి మిణికి ఆరిపోయింది. ఆ వెంటనే కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. ప్లగ్ పీకి, రిసీవర్ తీయబోతే వేలు చురుక్కుమంది. పక్కన కుర్చీలో కూర్చుని చూస్తున్న నాన్న "ఏమైందిరా?" అన్నారు. "ఏం లేదు నాన్నా, వైరు మార్చాలి" అని సర్దిచెప్పాను. ఆ రోజంతా తప్పు నాదే అనుకున్నాను.

రాత్రి ప్యాకెట్ మీది చీటీ చూశాను. లోపలున్నది టీఎస్‌ఓపీ 38238 అనే రకం రిసీవర్. తయారీదారు డేటాషీట్ (ఆ భాగం వివరాల పత్రం) తెరిచి చూస్తే ఎడమ నుంచి మొదటి కాలు అవుట్‌పుట్, రెండోది గ్రౌండ్, మూడోది పవర్. మీ బొమ్మలో ఉన్న వరస టీఎస్‌ఓపీ 1738 అనే పాత రకానిది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కాళ్ల వరస మాత్రం వేరు. మీ బొమ్మ ప్రకారం కలిపితే 38238 గ్రౌండ్ కాలికి 5 వోల్టులు ఎక్కుతాయి, అవుట్‌పుట్ కాలు గ్రౌండ్‌కు పోతుంది, పవర్ కాలు వెళ్లి జీపీఐఓ 18కి తగులుతుంది. రిసీవర్‌లో కరెంటు అడ్డంగా పారి అది కాలిపోతుంది. అదే దారిలో ఆ పిన్నుకు 3.3 వోల్టులు దాటి వోల్టేజీ అందుతుంది. రాస్ప్‌బెర్రీ పై పిన్నులు 3.3 దాటితే తట్టుకోలేవు. నా బోర్డులో జరిగింది ఇదే. ఇప్పుడు 18వ జీపీఐఓకి ఏ వైరూ లేకపోయినా, దాన్ని సున్నా వోల్టులకు లాగినా, ఎప్పుడూ ఆన్‌లో ఉన్నట్టే చూపిస్తోంది.

పొరపాటున వేరే రకం రిసీవర్ ప్యాక్ చేశామని మీరు అనవచ్చు. కానీ 1738 పెట్టి ఉన్నా ఆ బొమ్మ తప్పే. ఆ రకం 4.5 నుంచి 5.5 వోల్టుల మీద నడుస్తుంది, కాబట్టి దాని అవుట్‌పుట్ కూడా 5 వోల్టుల దాకా లేస్తుంది. మధ్యలో రెండు రెసిస్టర్లయినా పెట్టి తగ్గించకుండా దాన్ని రాస్ప్‌బెర్రీ పై పిన్నుకు నేరుగా ఇవ్వకూడదు. 5 వోల్టులతో నడిచే ఆర్డుయినో ఊనో అనే వేరే బోర్డు కోసం గీసిన బొమ్మను తెచ్చి, పిన్ నంబర్లు మార్చి ఇక్కడ అచ్చువేశారని నాకు అనిపిస్తోంది.

సాఫ్ట్‌వేర్ పేజీ కూడా అలాగే ఉంది. "లిర్క్-ఆర్‌పీఐ" అనే డ్రైవర్ మాడ్యూల్ (రిసీవర్ సిగ్నల్‌ను చదివే ప్రోగ్రామ్) లోడ్ చేయమని రాశారు. రాస్ప్‌బెర్రీ పై సిస్టమ్‌కు 4.19 కెర్నల్ (దాని మూల ప్రోగ్రామ్) వచ్చినప్పుడే, అంటే 2019లోనే, అది పోయింది. దాని స్థానంలో జీపీఐఓ-ఐఆర్ అనే ఓవర్‌లే, అంటే కాన్ఫిగ్ ఫైలులో ఒక లైనుతో ఆన్ చేసే సెట్టింగ్, వాడాలి. ఆ లైను రాయాల్సిన కాన్ఫిగ్ ఫైలు కూడా 2023 అక్టోబర్‌లో వచ్చిన బుక్‌వార్మ్ అనే సిస్టమ్ వెర్షన్ నుంచి బూట్ లోపలి ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌కి మారింది. మీ కాగితం చెప్పిన చోట ఫైలు తెరిస్తే, దీన్ని మార్చవద్దు, అసలు ఫైలు వేరే చోట ఉంది అన్న సందేశం కనిపిస్తుంది. ఇవన్నీ దాటి వచ్చినా, ఎన్‌ఈసీ ప్రోటోకాల్‌ను (మీ రిమోట్ సిగ్నల్ పంపే పద్ధతిని) మనమే ఆన్ చేస్తే తప్ప మీ రిమోట్‌లో ఏ బటన్ నొక్కినా ఏమీ రాదు. ఆ మాట మీ నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. నాకు రెండు రాత్రులు దానికే పట్టాయి.

చివరికి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి 40 రూపాయలకు అదే రకం రిసీవర్ ఇంకొకటి తెచ్చాను. ఈసారి పవర్‌ను 1వ పిన్నుకు, అంటే 3.3 వోల్టులకు ఇచ్చాను. అవుట్‌పుట్‌ను 16వ పిన్నుకు, అంటే జీపీఐఓ 23కి ఇచ్చి, కాన్ఫిగ్‌లో కూడా 23 అని రాశాను. బటన్ కోడ్‌లు చూపించే ఐఆర్-కీటేబుల్ అనే ప్రోగ్రామ్ నడిపి రిమోట్ మొదటి బటన్ నొక్కగానే తెర మీద హెక్సాలో (16 అంకెల లెక్కలో) 45 అని కోడ్ పడింది. రిమోట్ నాన్న చేతిలో పెట్టాను. ఆయన నొక్కారు, పద్యం మారింది. మళ్లీ నొక్కారు, మళ్లీ మారింది. కాసేపటిదాకా వదల్లేదు.

ఫిబ్రవరి 3న మీ కస్టమర్ కేర్ నుంచి ఫోన్ చేసినాయన "బోర్డు పనిచేస్తోంది కదా సార్, పోయింది ఒక్క పిన్నే కదా" అన్నారు. ఆ ఒక్క పిన్ను ఏమిటో ఆయనకు తెలియదనుకుంటాను. ఐ2ఎస్ అనే డిజిటల్ శబ్ద పద్ధతిలో పనిచేసే సౌండ్ బోర్డులు తగిలించాలంటే జీపీఐఓ 18 ఉండి తీరాలి, శబ్దానికి తాళం వేసే క్లాక్ సిగ్నల్ దాని మీదే వస్తుంది. నాన్నకు టీవీ స్పీకర్లలో మాట స్పష్టంగా వినపడదని అలాంటి బోర్డు కొనాలనుకున్నాను. ఇప్పుడు ఈ రాస్ప్‌బెర్రీ పై మీద అది కుదరదు.

ఇంకా ముఖ్యమైన మాట ఇది. రిసీవర్ విడిగా 40 రూపాయలకే దొరికింది. అలాంటి రిమోట్ 100 లోపే వస్తుంది. మరి నేను మీకు 1,249 ఎందుకు ఇచ్చాను? ఆ కాగితం కోసం. "మొదటిసారి చేసేవాళ్లకు కూడా 15 నిమిషాల్లో" అని మీ పేజీలో రాసిన మాట నమ్మి ఇచ్చాను. మీరు అమ్మిన అసలు సరుకు ఆ కాగితమే, చెడిపోయిన సరుకు కూడా అదే. కిట్ అట్ట మీద స్కూలు పిల్లాడి ఫొటో ఉంది. నాకు డేటాషీట్ చదవడం వచ్చు కాబట్టి తప్పు ఎక్కడుందో తెలిసింది. అదే ఒక తొమ్మిదో తరగతి పిల్లాడు ఇంట్లో బతిమాలి కొనిపించుకున్న బోర్డు కాలిపోతే, తనకే చేతకాలేదనుకుని దాన్ని పెట్టెలో పెట్టేస్తాడు. నాకు ఇందులో ఎక్కువ బాధ కలిగించింది అదే.

నేను కోరేది ఇది. కిట్ డబ్బు వాపసు ఇవ్వండి, దెబ్బతిన్న బోర్డుకు బదులు అదే మోడల్ బోర్డు ఇవ్వండి. సూచనల కాగితం సరిదిద్దేదాకా ఈ కిట్ అమ్మకం ఆపండి. ఇప్పటికే కొన్నవాళ్లందరికీ, ప్లగ్ పెట్టే ముందు వైరింగ్ మార్చుకోవాలని మెయిల్, మెసేజ్ రెండూ పంపండి. మొదటి రెండిటికీ నాతో బేరమాడినా, ఈ చివరి పని మాత్రం ఈ వారంలోనే చేయండి.

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలని, నెలలోపు పరిష్కరించాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. నా మొదటి మెయిల్ జనవరి 27న పంపాను. ఆ నెల పూర్తయ్యేలోగా సరైన జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

బిల్లు, మీ కాగితం రెండో పేజీ ఫొటో, ప్యాకెట్ చీటీ ఫొటో, కాలిన రిసీవర్ ఫొటో, డేటాషీట్‌లో కాళ్ల వరస ఉన్న పేజీ, మీ కస్టమర్ కేర్ జవాబు, ఇవన్నీ దీంతో జతచేశాను. కాలిన రిసీవర్‌ను దాచి ఉంచాను, అడిగితే పంపుతాను. బోర్డును కూడా పరీక్షకు పంపుతాను, కానీ బదులు బోర్డు నా చేతికి వచ్చాకే. ఉదయం 5 గంటలకు నాన్న దాని మీదే పద్యాలు వింటున్నారు.

ఇట్లు,
మీ కిట్ కొన్న వినియోగదారుడు
(సంతకం)