గేటు రిజిస్టరులో హరిశ్చంద్రుడు

సంపాదకులకు నమస్కారం.

పింఛను పని మీద గత నెలలో కర్నూలులోని ఒక కార్యాలయానికి ఆరు రోజులు తిరిగాను. గేటు దగ్గర రిజిస్టరులో పేరు, ఊరు, ఫోను నంబరు, వచ్చిన పని రాసి సంతకం పెడితేనే లోపలికి పంపుతారు. రెండు రోజులు బుద్ధిగా రాశాను. వచ్చేపోయేవారందరికీ మా నంబర్లు కనబడేలా ఆ పుస్తకం రోజంతా బల్ల మీద తెరిచే ఉండటం చూశాక, మూడో రోజు నుంచి పేరు హరిశ్చంద్రుడనీ, ఊరు కాశీ అనీ, వచ్చిన పని అప్పు తీర్చడమనీ రాశాను. ఈ అల్లరి నా వయసుకు తగదు, ఒప్పుకుంటాను. కానీ నాలుగు రోజులూ అడిగినవారే లేరు.

లోపల పాస్‌వర్డును ముప్ఫై రోజులకోసారి మార్చి తీరాలట. నా ఫైలు చూసే ఉద్యోగిని విసిగిపోయి, పాత మాటే ఉంచి చివర నెల అంకె మాత్రం మారుస్తున్నారు. అదీ గుర్తుండదని చీటీ మీద రాసి కంప్యూటరుకు అంటించుకున్నారు. కౌంటరు ఇవతల నుంచి కళ్లద్దాలు లేకుండానే చదివాను. ఆమె భోజనానికి లేస్తే పక్క సీటాయన అదే లాగిన్‌తో పని నడిపిస్తారు.

ఆమెను తప్పుపట్టను. అకారణంగా గడువు పెట్టి పాస్‌వర్డు మార్పించవద్దని, అది బయటపడిందన్న ఆధారం ఉన్నప్పుడే మార్పించాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. ఇతరుల పాస్‌వర్డును మోసపూరితంగా వాడితే మూడేళ్ల వరకు జైలని మన ఐటీ చట్టం, 2000లోని 66సి సెక్షన్ చెబుతున్నా, చీటీ అందరి కళ్లెదుట ఉన్నచోట వాడినది ఎవరో తేల్చేదెలా? రేపు ఎవరి ఖాతా నంబరో మారిపోతే రికార్డులో కనబడేది ఆమె పేరే.

2009 అక్టోబరు వరదలో తడిసిన ఫైళ్లను మేడ మీద ఆరబెట్టినవారిలో నేనూ ఒకణ్ణి. కాగితం కంటే కంప్యూటరే నయమని ఆనాడు అనుకున్నాను.

గేటు దగ్గర పుస్తకం బదులు విడి చీట్లు ఇచ్చి గుర్తింపు కార్డు చూడాలి. నెలనెలా మార్పు ఎత్తివేసి, పొడవైన పాస్‌వర్డు ఒకటి పెట్టుకోనివ్వాలి. పక్క సీటాయనకు సొంత లాగిన్ ఇవ్వాలి. పై అధికారులు ముందుగా ఆ రిజిస్టరు తిరగేస్తే మంచిది. వచ్చే సోమవారం నేను మళ్లీ వెళ్లాలి. చూసేవారుంటే ఈసారి అసలు పేరే రాస్తాను.

– ఒక విశ్రాంత గుమాస్తా, కర్నూలు