పాత కేసు దాస్తే వీసాకే చేటు

సంపాదకులకు,

అమెరికాలో ఉన్న భార్య దగ్గరికో భర్త దగ్గరికో వెళ్లాలనుకునే మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు కొందరు ‘కేసు ఎప్పుడో కొట్టేశారుగా’ అని డీఎస్-260 అనే వలస వీసా దరఖాస్తు ఫారంలో నేరాల ప్రశ్నకు ‘లేదు’ అని పెట్టేస్తున్నారు. అక్కడ అడిగేది శిక్ష ఒక్కటే కాదు, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని కూడా. లోక్ అదాలత్‌లో రాజీ పడ్డా, నిర్దోషిగా బయటపడ్డా అరెస్టు అరెస్టే. చిన్న కేసు వీసాను ఆపకపోవచ్చు. ముఖ్యమైన విషయంలో అబద్ధం మాత్రం శాశ్వత నిషేధం తెస్తుంది.

పాస్‌పోర్ట్ సేవా ద్వారా తెచ్చుకున్న పీసీసీ (పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్)తో పని అయిపోదు. సీసీ నంబరు (కోర్టు కేసుకిచ్చిన నంబరు), సంవత్సరం రాసి కోర్టులో కాపీ దరఖాస్తు పెట్టి ఛార్జిషీటు, తీర్పు సర్టిఫైడ్ నకళ్లు తీసుకోవాలి. నంబరు మర్చిపోతే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పేరుతో వెతకొచ్చు. పాత రికార్డు ధ్వంసం చేశారంటే ఆ మాటే కోర్టు నుంచి రాతపూర్వకంగా తేవాలి. తెలుగు కాగితాలకు ఇంగ్లిష్ అనువాదం, కింద అనువాదకుడి సంతకంతో ధ్రువీకరణ ఉండాలి.

మోసం, దొంగతనం లాంటి నేరం ఒక్కటే ఉంటే వీసా నిరాకరణ నుంచి ‘చిన్న నేరం’ మినహాయింపు ఉంది. పడగల గరిష్ఠ శిక్ష ఏడాది మించకూడదు, పడిన జైలు ఆరు నెలలు దాటకూడదు. అది దక్కకపోతే, కాన్సులేట్ తిరస్కరించాక ఐ-601 (ఆ అడ్డంకిని మాఫీ చేయమని కోరే దరఖాస్తు) వేసి, అమెరికాలోని జీవిత భాగస్వామికి కలిగే తీవ్ర కష్టాన్ని వైద్య, ఆదాయ పత్రాలతో చూపాలి. కన్నీటి ఉత్తరాలు చాలవు. మత్తు మందుల కేసుల్లోనైతే 30 గ్రాములలోపు గంజాయి, అదీ ఒక్కసారి సొంతానికి ఉంచుకున్నదానికే ఈ మాఫీ దారి.

- ఒక న్యాయవాది, కావలి