నీళ్లు తాగే పిల్లికి రేబిస్ ఉండదా?

తల్లిదండ్రులకు నమస్కారం.

బడి తెరిచిన దగ్గర్నుంచి తరగతి వాట్సాప్ గ్రూపుల్లో మన వంటగది వెనక తిరిగే చారల పిల్లి గురించే చర్చ. గిన్నెలో నీళ్లు పోసి పెడితే అది ముట్టదు. చేతులు కడుక్కునే గట్టెక్కి, ఎవరో సరిగా కట్టని కుళాయి కింద మెడ వంచి, సన్నగా కారే ధారను పక్క నుంచి నాకుతుంది. బకెట్ దొరికితే ముందు కాలు ముంచి, తీసి, ఆ కాలు నాక్కుంటుంది. "నీళ్లతో ఇంత ఆడుతోందంటే దానికి రేబిస్ లేనట్టే" అని ఒక తండ్రిగారు రాశారు. "మా పిల్లి నీళ్లు చూస్తే పరుగే పరుగు, దానికేమైనా ఉందా?" అని ఒక తల్లి అడిగారు. ఇద్దరికీ ఒకటే జవాబు. నీళ్లను బట్టి పిల్లికి రేబిస్ ఉందో లేదో తేల్చలేం.

నీళ్లంటే భయం రేబిస్ సోకిన మనుషుల్లో కనబడే లక్షణం. మింగబోతే గొంతు కండరాలు బిగుసుకుపోతాయి, తర్వాత గ్లాసు చూసినా వణుకే. జంతువుల్లో ఆ భయం ఉండదు. గొంతు పడిపోయి మింగలేక చొంగ కారుస్తాయి. కాబట్టి గమనించాల్సింది ప్రవర్తనలో మార్పు. సాధు పిల్లి ఉన్నట్టుండి మీద పడి కరిచినా, మనిషిని చూస్తే పారిపోయే వీధిపిల్లి బెరుకు లేకుండా దగ్గరికొచ్చినా, నడక తూలినా, అరుపు మారినా పిల్లల్ని దూరంగా ఉంచండి.

ఇక మామూలు పిల్లికి నీళ్లంటే ఎందుకు పడదంటారా, దాని పూర్వీకులు ఎడారి ప్రాంతపు అడవిపిల్లులు. బొచ్చు తడిస్తే బరువెక్కి ఆరడానికి చాలాసేపు పడుతుంది. అలాగని పిల్లిజాతి అంతా ఒకటి కాదు. మన కోరంగి మడ అడవుల్లోని నీటిపిల్లులు ఏకంగా నీళ్లలోకి దూకి చేపలు పట్టుకుంటాయి. పిల్లి నీళ్లు తాగే తీరు మీద 2010లో అమెరికా శాస్త్రవేత్తలు ఒక పరిశోధన వెలువరించారు. నాలుక కొనను వెనక్కి మడిచి నీటిని అలా తాకించి చటుక్కున పైకి లాగుతుంది. దాంతో పైకి లేచిన నీటిస్తంభం కిందికి జారేలోపు నోరు మూసేస్తుంది. సెకనుకు సుమారు నాలుగుసార్లు! మన సైన్సు టీచరుగారు ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి తొమ్మిదో తరగతికి చూపించారు. పాఠానికి అంత నిశ్శబ్దంగా కూర్చోరు వాళ్లు.

అయితే ఈ ముచ్చట్లతోనే గీరుడూ వస్తుంది. ఏడో తరగతి బాబు ఒకడు ఇంట్లో పిల్లిపిల్లకు కుళాయి కింద స్నానం చేయించబోయాడు. మోచేతి దాకా గీరేసింది. ఇంట్లో చెప్పకుండా దాచాడు. ఎందుకురా అంటే, "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేస్తారట మేడం" అన్నాడు. ఆ పాత మందు తయారీ మన దేశంలో 2004తోనే ఆగిపోయింది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో భుజాల దగ్గర చర్మంలోకి 0.1 మి.లీ. చొప్పున రెండు చేతులకూ వేస్తారు. మొదటి రోజును సున్నా అనుకుంటే మళ్లీ 3, 7, 28వ రోజుల్లో. డబ్బు కట్టక్కర్లేదు. దయచేసి ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చెప్పండి. పిల్లలకు ఆ పద్నాలుగు సూదుల కథ చెబుతున్నది మనమే.

పిల్లి కరిచినా, గీరినా ముందు సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం ఏదీ అద్దకండి. నాటు మందుల జోలికి వెళ్లకండి. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. పిల్లి కాళ్లు నాక్కుంటూ ఉంటుంది, దాని చొంగ గోళ్లకు అంటుతుంది కనుక గోటి గీతను తేలిగ్గా తీసుకోకూడదు. రక్తం వస్తే టీకాతో పాటు గాయంలో ఇమ్యునోగ్లోబులిన్ అనే, వెంటనే రక్షణనిచ్చే సూదిమందు కూడా వేయాల్సి ఉంటుంది. కరిచిన పిల్లి పది రోజులు ఆరోగ్యంగా ఉంటే మిగతా డోసుల సంగతి డాక్టరే చెబుతారు. అది చూద్దామని మొదటి టీకా మాత్రం ఆపొద్దు. లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బుకు దాదాపు వైద్యం లేదు.

ఇంట్లో పిల్లి ఉన్నవాళ్లు మూడు నెలల వయసులో దానికి టీకా వేయించండి, ఆపైన ఏడాదికోసారి. "మాది గడప దాటదు" అంటారు కొందరు. గోడ దూకే ప్రాణి మాట మనం ఇవ్వగలమా? జూలై 6న పశువైద్యశాలల్లో ఉచితంగా వేయడం ఏటా చూస్తున్నదే. 1885లో ఆ రోజే ఫ్రాన్స్ శాస్త్రవేత్త లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు తొలి రేబిస్ టీకా వేయించారు.

బడి పిల్లిని గోనెసంచిలో కట్టి ఏటవతల వదిలేయమని కొందరు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. ఎంగిలి మెతుకులు, గుడ్డు పెంకులు అక్కడే ఉంటే ఇది పోయినా ఇంకోటి వస్తుంది, దానికి టీకా ఉండదు. అందుకే భోజనాలవగానే మిగిలినదంతా మూత ఉన్న డ్రమ్ములోకి వెళ్లేలా ఏర్పాటు చేశాం. చారల పిల్లి బుట్టలోకి తేలిగ్గానే వస్తుంది కనుక దానికి టీకా వేయిస్తున్నాం. అక్కడే తిరుగుతూ మనిషికి చిక్కని మరో రెండు పిల్లుల సంగతి పశువైద్యుణ్ణి అడిగాం. ఈలోగా పిల్లలెవరూ వాటిని పట్టుకోవద్దు, ఎత్తుకోవద్దు, ముఖ్యంగా నీళ్లు చల్లొద్దు.

ఇంట్లో పిల్లి ఉంటే టీకా వేసిన తేదీని శనివారంలోగా పిల్లల డైరీలో రాసి పంపండి. వేయించనివాళ్లు "లేదు" అని రాసినా చాలు, జూలై 6కి ఎవరెవర్ని కలిపి పంపాలో చూసుకుంటాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు