బావ ఎస్‌ఎస్‌డీ కొన్న కథ

రేయ్ మామా,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళు జవాబు రాయలేదు, ఏమనుకోవద్దు. గంగమ్మ జాతర, ఇంటినిండా చుట్టాలు, ఆ వెంటనే అమ్మకి మోకాలి నొప్పి. ఇప్పుడు పర్లేదు. చెల్లికి ట్రాన్స్‌ఫర్ వచ్చింది, ఆ కథ తరవాత. ముందు నిన్నటి సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మా బావ పెళ్ళి వీడియోలు తీస్తాడు కదా. ముహూర్తాలు మొదలైతే తిరుమల, తిరుచానూరు, చంద్రగిరి అంటూ మనిషి ఇంట్లో కనబడడు. ఆయన ఎడిటింగ్ సిస్టమ్‌కీ, నాన్న పాత కంప్యూటర్‌కీ చెరొక ఎస్‌ఎస్‌డీ (ఫైళ్ళు దాచుకునే వేగమైన డ్రైవ్) కొనాలని ఇద్దరం షాపుకి వెళ్ళాం. శాంసంగ్‌లోనే రెండు రకాలు చూపించారు, 870 ఈవో, 870 క్యూవో. రెండూ 1 టీబీ. ఈవోకి 600 టీబీడబ్ల్యూ, ఐదేళ్ళ వారంటీ. క్యూవోకి 360, మూడేళ్ళు. అంటే వారంటీ ఉండగా దాని మీద అన్ని టెరాబైట్లు రాసుకోవచ్చని కంపెనీ మాట. డేటా ఉండేది సెల్స్ అనే చిన్న చిన్న అరల్లో. ఈవోలో సెల్‌కి మూడు బిట్లు, క్యూవోలో నాలుగు. ఎక్కువ కుక్కితే ధర తగ్గుతుంది, సెల్ త్వరగా అరుగుతుంది. షాపు కుర్రాడు "చౌకది మూడేళ్ళకే పోతుంది సార్" అనేశాడు. బావకి టెన్షన్ పట్టుకుంది. నాన్నకి కూడా ఖరీదైనదే తీసుకుందామన్నాడు.

నేను ఊరుకోలేకపోయా. అక్కడే కాగితం అడిగి లెక్క వేశా. నాన్న రోజుకి 10 జీబీ రాస్తాడనుకో, ఏడాదికి 4 టీబీ కూడా కాదు. 360 నిండేసరికి తొంభై ఏళ్ళు దాటతాయి! బావది రోజుకి సగటున 150 జీబీ వేసుకున్నా ఏడాదికి 55 టీబీ, చౌకదే ఆరేళ్ళు లాగుతుంది. బావ మొహం వెలిగిపోయింది. "అయితే నాకూ అదే" అన్నాడు.

అక్కడ ఆపాను. 1 టీబీ క్యూవోలో మహా అయితే మొదటి 42 జీబీ వేగంగా పోతాయి. ఆగకుండా రాస్తూ పోతే ఆపైన సెకనుకి 80 ఎంబీకి పడిపోతుంది. 200 జీబీల పెళ్ళిని ఒక డ్రైవ్ నుంచి ఇంకోదానికి మార్చాలంటే అరగంట పైనే. ఈవో 530 దగ్గర నిలబడుతుంది, ఏడు నిమిషాల పని. ముహూర్తాల నెలలో ఆ అరగంటలన్నీ బావ నిద్రలోంచే పోతాయి మామా. ఆ వేగానికీ, ఇంకో రెండేళ్ళ వారంటీకీ ఆయన డబ్బు పెట్టడం న్యాయమే. నాన్నకైతే శుద్ధ దండగ. చివరికి అలాగే కొన్నాం.

ఇంటికొచ్చాక కోపం వచ్చింది. బాగా అరిగిన పాత ఎస్‌ఎస్‌డీల్లో పూర్తయిన పెళ్ళిళ్ళు పెట్టి, బావ వాటిని బీరువాలో దాస్తున్నాడు! మెమరీ చిప్‌లకి ప్రమాణాలు రాసే జెడెక్ సంస్థ లెక్క చూస్తే, రాత పరిమితి అయిపోయిన మామూలు డ్రైవ్ కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు డేటా నిలుపుకుంటే చాలు. వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది. మన తిరుపతి మే నెల నీకు చెప్పాలా? ఎవరి నాన్నలో, ఎవరి అవ్వలో ఆ వీడియోల్లో ఉంటారు... తలచుకుంటేనే భయమేసింది. పైగా సెల్స్ అరగకముందే డ్రైవ్‌ని నడిపించే చిప్, అదే కంట్రోలర్, పోయి డ్రైవ్ చప్పుడు లేకుండా చచ్చిపోవచ్చు. టీబీడబ్ల్యూ అంకె దాని గురించి ఏం చెప్పదు. నాన్నకి చౌక డ్రైవ్ కొనడం వల్ల మిగిలిన డబ్బుకి ఇంకొంత వేసి, రెండో కాపీ కోసం పెద్ద హార్డ్ డిస్క్ కొనమన్నా. ఒప్పుకున్నాడు.

నువ్వు కూడా లాప్‌టాప్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో (డ్రైవ్ పరిస్థితి చూపించే ప్రోగ్రామ్) వేసి ఎంత రాశావో చూసి చెప్పు. పాప ఫోటోలు ఆ ఒక్కదాంట్లోనే ఉన్నాయా, లేక... ఆటో వచ్చేసింది రా, అమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. చెల్లి సంగతి మళ్ళీ రాస్తా.

నీ
మామ